తలనొప్పి కాదన్న ఆయమ్మ

ఆయమ్మ పోయిందని సోమవారం పొద్దున దుకాణం షట్టరు ఎత్తుతుంటే ఆమె తమ్ముడు వచ్చి చెప్పాడు. "అక్క లేదన్నా. నిద్రలనే పోయింది" అన్నాడు. ముందురోజు సాయంత్రమే చర్చి నుంచి వస్తూ నా దగ్గర బ్రెడ్డు కొని, "మొన్నటిది ఎండిపోయింది, గిదన్న తాజాదేనా?" అని తగువులాడి వెళ్లిన మనిషి. షట్టరు సగంలోనే వదిలేసి నిలబడ్డాను. నాలుగు రోజులైనా నమ్మకం కుదరడం లేదు.

మంచిర్యాలలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేది. సర్కారు దవాఖానలో ఆయా. వీధిలో ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు.

మాకు కవలలు పుట్టాక నా భార్య నవ్వడం మానేసింది. పిల్లలు ఏడుస్తుంటే గోడకేసి చూస్తూ కూర్చునేది. అన్నం, స్నానం గుర్తుండేవి కావు. దవాఖానకు తీసుకుపోయి, చీటీ రాసే కిటికీ దగ్గర "తలనొప్పి" అని చెప్పాను. మనసు బాగోలేదంటే పిచ్చిదన్న పేరు పడుతుందని భయం. లోపల డాక్టరు అడిగినా నేనే ముందుగా అదే మాట చెప్పేవాణ్ణి. మూడుసార్లు తలనొప్పి గోలీలే తెచ్చుకున్నాం.

నాలుగోసారి కూడా కిటికీ దగ్గర నేను "తలనొప్పి" అంటుంటే విని, ఆయమ్మ చీపురు గోడకు ఆనించి మా పక్కన నిలబడింది.

"ఏం బిడ్డా, తల నొస్తుందా?" అని నా భార్యనే అడిగింది.

నా భార్య తల అడ్డంగా ఊపింది. "నేను లేకుంటే పిల్లలు మంచిగుంటరనిపిస్తుంది, ఆయమ్మా."

ఒకే ఇంట్లో ఉంటున్న నాకు ఆ సంగతి తెలియదు. ఆయమ్మ మాత్రం ఉలిక్కిపడలేదు. "గట్ల చానమందికైతది బిడ్డా. దానికి సుత డాక్టరుంటడు" అని నా వైపు తిరిగింది. "నీ దుకాణంల ఉప్పడిగితే చక్కెరిస్తవా? మరి గీడ గిట్లెందుకు చెప్తున్నవ్?"

మానసిక డాక్టరు పేర చీటీ ఆమే రాయించింది.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే మా ఇంటికి వచ్చేది. "పిల్లలను చూడనీకె అందరొస్తరు. నేను తల్లిని చూడనీకె వచ్చిన" అనేది. పిల్లల్ని నా చేతిలో పెట్టి, నా భార్యను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేది. మందులు పనిచేయడానికి వారాలు పట్టింది. ఒకనాడు దువ్వుతుంటే నా భార్య, "మెల్లగ, చిక్కు పట్టింది" అని కసిరింది.

ఆయమ్మ నవ్వింది. "వచ్చింది తల్లీ, కోపమొచ్చింది. ఇగ ఫికర్ లేదు."

ఇంత జరిగినా సోమవారం నేను మళ్లీ అదే తప్పు చేశాను. నా భార్య ఆ కబురు తట్టుకోలేదని ఇంట్లో దాచాను. పక్కింటావిడ చెబితే తెలిసి, మధ్యాహ్నం దుకాణానికి వచ్చింది.

"నాకేమన్న అయితదని చెప్పలేదా?"

నేను కౌంటరు మీది సామాన్లు సర్దబోయాను.

"చెప్తే ఏడుస్తుంటి. గంతే. ఏడ్వనియ్యవా?" అంది.

సాయంత్రం సమాధుల తోటలో అందరూ గుప్పెడు మట్టి వేశారు. నా భార్య పిల్లలిద్దరి చేతుల్లోనూ మట్టి పెట్టింది. వాళ్లకిప్పుడు నాలుగేళ్లు. పెద్దోడు వేశాడు. చిన్నోడు గుప్పిట విప్పలేదు. ఎవరో విప్పించబోతే నా భార్య వద్దంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో వాడు తల్లి ఒడిలో నిద్రపోయాడు. వేళ్ల సందుల్లోంచి మట్టి కొంచెం కొంచెంగా ఆమె చీర మీద రాలుతోంది. ఆమె దులుపుకోలేదు.