మంచు బూట్ల కోసం రుద్రూర్ దాకా

కాళ్లకు ఒకే పలక బిగించుకుని మంచు మీద జారే ఆట ఒకటుందని, పలక అంచు మీద వాలి మలుపులు కొట్టే ఆల్పైన్ పద్ధతిలో దానికి గట్టి ప్లాస్టిక్ బూట్లు కావాలని నిజామాబాద్‌లో ఎవరికైనా చెప్పాలంటే అసలు మంచు దగ్గర నుంచే మొదలుపెట్టాలి. నేను చాలాసార్లు మొదలుపెట్టాను. "ఐసు గడ్డ మీద జారుడుబల్లనా సార్?" అని మా కాలేజీ అటెండర్ అడిగినప్పటి నుంచి మానేశాను. సెల్‌ఫోన్లు మా ఊరికి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం, ఒక అద్దె గది, ఏడాదికోసారి మనాలీలో పది రోజులు. మిగతా రోజుల్లో ఆ పది రోజుల గురించి మాట్లాడటానికి నాకు మనిషి లేడు.

అంతకుముందు చలికాలం అక్కడే ఒక పాత జత బూట్లు కొన్నాను. మలుపు తిప్పినప్పుడల్లా లోపల మడమ లేచిపోయేది. నాలుగో రోజు పడి మోకాలు వాచింది. నేర్పే ఆయన నా బూట్లు చూసి, సరైన జత లేకుండా మళ్లీ రావద్దని మొహం మీదే చెప్పాడు. జనవరి బృందంలో మాత్రం నాకొక చోటు ఉంచాడు. డిసెంబర్ వచ్చేసింది, నా దగ్గర సరైన బూట్లు లేవు. అప్పుడే మా కాలేజీకి మోస్రా నుంచి వచ్చే లెక్చరర్ ఒకాయన, రుద్రూర్‌లో మిలిటరీ నుంచి రిటైరైన శామ్యేలు దగ్గర అలాంటి బూట్లు కొత్తవి ఉన్నాయని చెప్పాడు. ఎస్‌టీడీ బూత్ నుంచి వాళ్ల పక్కింటికి ఫోన్ చేసి పిలిపించాను. "నీ బూటు నంబరెంత?" అని అడిగాడు. తొమ్మిది అన్నాను. "రా తమ్మీ, శనివారం పొద్దుగాల్నే రా. కాలికి పడితే తీస్కపో" అన్నాడు.

రెండో శనివారం ఏడింటికి బస్టాండులో బోధన్ బస్సెక్కాను. టికెట్ పదకొండు రూపాయలు, మామూలుగా ముప్పావుగంట ప్రయాణం. చెరుకు నరికే కాలంలో మాత్రం గంటన్నర అనుకోండి. ఎడపల్లి దాటగానే చెరుకు బండ్లూ ట్రాక్టర్లూ రోడ్డు సగం ఆక్రమించాయి. డ్రైవర్ హారన్ కొట్టడం కూడా మానేసి స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్ని దినాలు గింతే సార్. ఎడ్లకు హారన్ ఇనవడదు" అన్నాడు. బోధన్‌లో బెల్లం పాకం మాడినట్టు గాలి. బస్టాండు ఎదుట హోటల్లో పూరీ తిన్నాను. పక్క బల్ల మీద నలుగురు మరాఠీలో ఏదో చెప్పుకుని ఒకటే నవ్వులు. నాకు వాళ్ల మాటలు అర్థం కాలేదు గానీ, ఆ నలుగురి మీద అసూయ కలిగింది.

వర్ని వైపు వెళ్లే బస్సులో రుద్రూర్ చేరేసరికి పదయింది. వ్యవసాయ పరిశోధన కేంద్రం గేటు దాటి, చెరుకు తోటల మధ్య మట్టి రోడ్డు మీద పావుగంట నడవాలి. శామ్యేలన్న గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, పొట్టిగా, నిటారుగా ఉన్నాడు. సైనికులకు మంచులో నడక నేర్పే బడిలో ఇరవై ఏళ్లు పనిచేశాడట. విదేశం నుంచి వచ్చిన ఒక శిక్షకుడి దగ్గర ఈ పలక ఆట నేర్చుకున్నాడు. తాను రిటైరయ్యేటప్పుడు ఆ శిక్షకుడు ఇచ్చిన జత అది.

అరుగు మీద కూర్చోబెట్టి, బూట్ల మాట ఎత్తకుండా దాదాపు మూడు గంటలు మాట్లాడాడు. తెల్లవారి మంచు కాలికింద ఎలా కరకరమంటుందో, మధ్యాహ్నానికి ఎలా మెత్తబడి మోసం చేస్తుందో చెప్పాడు. "అంచు మీద ఒరిగినప్పుడు చెయ్యి మంచుకు తాకుతది సూడు, అప్పుడు కడుపుల ఎట్లయితది తమ్మీ?" అని అడిగాడు. నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు. ఆ తర్వాత నేనూ ఆగలేదు. ఏడాదంతా మాట్లాడినదాని కన్నా ఆ పూట ఎక్కువ మాట్లాడి ఉంటాను.

ఒంటిగంటకు ఆయన భార్య మరియమ్మక్క చేను నుంచి వచ్చి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. "ఇయ్యాల నాకు నిమ్మళం. మంచు ముచ్చట ఇనే మనిషి దొరికిండు. లేకుంటే ఆ బూట్లు తొడుక్కొని ఉత్త నేల మీద మోకాళ్లు వంచి నిలబడతడు, చెరుకు కోసేటోళ్లంత సూసి నవ్వుతరు" అంది. ఆయన కూడా నవ్వాడు.

చేతులు కడుక్కున్నాక నేనే అడిగాను. ఆయన పెట్టెలోంచి గుడ్డలో చుట్టిన జత తెచ్చాడు. నీలం రంగు, ఒక్కోదానికి నాలుగు బకిల్స్, గీత కూడా పడలేదు. లోపలి మెత్తటి తొడుగు ఊడదీసి, ఖాళీ ప్లాస్టిక్ డొప్పలో ఉత్తకాలు పెట్టమన్నాడు. "వేళ్లు ముందట తాకాలె. ఎనక మడమకు, డొప్పకు నడుమ ఒక్క వేలు దూరాలె. రెండు దూరితే అది నీ బూటు కాదు" అంటూ వంగి తన వేలు పెట్టి చూశాడు.

ఒక్క వేలే దూరింది. తీసి మళ్లీ పెట్టాడు.

"తొమ్మిదంటివి గద తమ్మీ. ఇవి ఏడు."

అప్పుడు చెప్పాను, మా ఇంట్లో చిన్నప్పటి నుంచి చెప్పులైనా బూట్లయినా రెండు నంబర్లు పెద్దవే కొంటారని, ముందు దూది కుక్కుకుని తొడుక్కుంటామని. అలవాటుగా అదే నా నంబరు అనుకున్నాను. మనాలీలో కొన్నదీ తొమ్మిదే. నా మోకాలు ఎందుకు వాచిందో అక్కడ, ఆ అరుగు మీద తెలిసింది.

మరియమ్మక్క పకపకా నవ్వింది. "అయ్యో, 'తొమ్మిదాయనకు ఇవి ఎట్లాగూ పట్టవు, ఊకె రమ్మన్న, జరసేపు మాట్లాడుకుంటం' అంటివి గదనయ్యా! ఇప్పుడేం జేస్తవ్?"

ఆయన మొహం ఎర్రబడింది. బకిల్స్ మీద లేని దుమ్ము తుడిచాడు. "మాటిచ్చిన. తీస్కపో" అన్నాడు. మెత్తటి తొడుగు మళ్లీ లోపల పెట్టి, తానే నా కాలికి తొడిగి, నాలుగు బకిల్స్ బిగించాడు. మోకాళ్లు వంచాను. వేళ్లు వెనక్కి జరిగాయి, మడమ కదల్లేదు. అంత చక్కగా పట్టిన బూటు నేను మళ్లీ తొడుక్కోలేదు. జనవరి నా కాళ్లకు తొడిగి ఉంది. అవి కావాలని నాకు ఎంతగా అనిపించిందో చెప్పడానికి సిగ్గుపడను.

"అన్నా, బొటనవేలు నొక్కుతుంది. ఇవి నాకు రావు" అన్నాను.

నా మడమ వెనక వేలు పెట్టి చూసిన మనిషి ఆయన. నా మొహంలోకి చూడలేదు. "అట్లనా. అయితే ఎనిమిది జూసుకో తమ్మీ" అని, ఒక్కొక్క బకిల్ విప్పాడు. తర్వాత నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, అట్టముక్క మీద కాలు గీసి, పొడవు సెంటీమీటర్లలో రాసిచ్చాడు. నాలుగున్నర బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

ఆ కొలత ప్రకారం ఢిల్లీ దుకాణానికి ఉత్తరం రాసి కొత్త జత తెప్పించుకున్నాను. బాగానే పట్టాయి. కానీ అవి వచ్చేసరికి ఫిబ్రవరి అయిపోయింది, జనవరిలో నా చోటు ఇంకొకరికి వెళ్లింది. ఆ జనవరంతా ల్యాబ్‌లో సీసాలు కడుగుతూ గడిపాను. బాధ లేదని అబద్ధం చెప్పను. రుద్రూర్ మట్టి రోడ్డు పక్కన, చెరుకు కోసేవాళ్లు నవ్వుతుంటే, ఒక పెద్దాయన మోకాళ్లు వంచి నిలబడి ఉంటాడని గుర్తొచ్చినప్పుడు మాత్రం కొంచెం తేలికగా ఉండేది. మా జిల్లాలో మంచు మాట తెలిసినవాళ్లం ఇద్దరమే ఉన్నాం. ఒకరి చేతిలోది ఇంకొకరు లాక్కుని వెళ్లాక ఇక ఎవరితో మాట్లాడాలి?

మీరూ ఇలాంటి బూట్లు ఎంచుకోవాలనుకుంటే ఒక్క సలహా: మధ్యాహ్నం దాటాక, మడమ గోడకు ఆనించి కాలు కొలుచుకోండి, చెప్పుల నంబరును నమ్మకండి. ఎవరైనా ఫోన్‌లో అడిగితే ఆ కొలతే చెప్పండి. నేను మాత్రం సరిగ్గా చెప్పి ఉంటే, శామ్యేలన్న నన్ను రమ్మనేవాడే కాదు.