మామిడిచెట్టు కిందివాళ్ళు

మా చింగోంబె సంఘంలో బల్ల ఆరాధన ఏడాదికి నాలుగుసార్లు. ఆ ఆదివారాల్లో ప్రసంగం అయ్యాక పక్క తలుపు తెరుస్తారు. సంఘ శిక్ష కింద ఉన్నవాళ్ళు లేచి, తల వంచుకుని, ఆ తలుపులోంచి బయటికి నడిచి మామిడిచెట్టు కింద కూర్చోవాలి. వాళ్ళు వెళ్ళాక గడియ పెడతారు. లోపల ఉన్నవాళ్ళం రొట్టె విరుచుకుని, ఎర్ర గోంగూర పువ్వుల రసం తాగుతాం. ద్రాక్షలు మా సరస్సు ఒడ్డున పండవు, ప్రభువుకి ఆ సంగతి తెలుసు. పందొమ్మిదేళ్ళపాటు ఆ గడియ పెట్టమని తల ఊపినవాణ్ణి నేనే.

పాస్టరంటే వారానికోసారి ప్రసంగం చెప్పి కోడికూర తినేవాడని చాలామంది అనుకుంటారు. నాకు ఏడు పల్లెలు, ఒక సైకిలు. ఆ సైకిలుకి బ్రేకులుంటే గొలుసు ఉండదు, గొలుసుంటే బ్రేకులుండవు. పాటల బృందంలో ముందు వరస ఎవరిదన్న తగాదా నా దగ్గరికే వస్తుంది. మొగుడు అలిగి పుట్టింటికి పోయినా నేనే వెళ్ళి తీసుకురావాలి. మా వైపు పెళ్ళయ్యాక మగవాడే భార్య ఊరికి కాపరానికి వస్తాడు, అలిగేదీ వాడే. ఇక చావులు. మనిషి బతికుండగా వైద్యుడికోసం నడిచిన దూరం కంటే, పోయాక పాస్టరుకోసం నడిచే దూరం ఎక్కువ. ఇవన్నీ ఇష్టంగానే చేశాను. ఇష్టం లేకుండా చేసింది ఒక్కటే, ఆ తలుపు పని. అది కూడా ఇష్టం లేదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఎనెలెసి గురించి చెప్పాలి. ఆమెకి ఇద్దరు కూతుళ్ళు. ఇద్దరూ రెండేళ్ళ తేడాలో పోయారు, వెనక ఐదుగురు పిల్లల్ని వదిలేసి. ఆమె తనకున్న చిన్న పొలం చెక్కలో మొక్కజొన్న వేసేది. ఆ పంట పిల్లల కడుపుకి క్రిస్మస్ దాకా కూడా వచ్చేది కాదు. అందుకని సారా కాసేది. శుక్రవారం సంత, కాబట్టి గురువారం బట్టీ. తవుడు పులియబెట్టి, అందులో చక్కెర కలిపి, కుండకి గొట్టం బిగించి పొయ్యి మీద పెడితే ఆ వాసన మా ఇంటిదాకా వచ్చేది. చక్కెర కొనేది సంఘ పెద్ద కలివో కొట్లో. కలివో భక్తిపరుడు. చక్కెర అమ్మేటప్పుడు ఎందుకని అడిగిన పాపాన పోలేదు.

నేను ఆ ఊరికి వచ్చిన మొదటి ఏడు మహా వేడిమీద ఉన్నాను. ఒక ఆదివారం తాగుడు మీద ప్రసంగం చెబుతూ, ఈ సంఘంలో సారా కాసేవాళ్ళెవరో లేచి నిలబడాలని అరిచాను. అది ప్రసంగంలో ఊపు కోసం అన్న మాట. ఎవరూ లేవరు, ఎవరూ లేవకూడదు, అది అందరికీ తెలుసు. ఆ రోజు గుడిలో కాసేవాళ్ళు పధ్నాలుగు మంది ఉన్నారని తర్వాత లెక్క తేలింది. పదముగ్గురు తల గుడ్డలు సర్దుకుంటూ కూర్చున్నారు. ఎనెలెసి ఒక్కతే లేచి నిలబడింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా, అలా. ఎందుకు లేచావని తర్వాత అడిగితే, అయ్యగారు అడిగారు కదా అంది.

నిలబడ్డ మనిషిని వదిలేస్తే పెద్దలు ఊరుకోరు. శిక్ష కింద పెట్టాం. మహిళల సమాజపు తెల్ల తలగుడ్డ తీసేసుకున్నాం. ఏటా జనవరిలో పెద్దల సభ పిలిచి, పశ్చాత్తాపపడ్డావా అని అడిగేది. ఆమె ఏటా అదే జవాబు చెప్పేది.

"లేదండి. గురువారం మళ్ళీ కాస్తున్నాను."

ఆ మాట అనేసి బయటికి పోయేది. శనివారం మాత్రం చీపురు పట్టుకుని వచ్చి గుడి ఊడ్చేది, రొట్టె పెట్టే ఆ పెద్ద బల్లని తడిగుడ్డతో తుడిచేది. ఆ పని ఎవరూ ఆమెకి చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. శుభ్రం చేసే చేతికి శిక్ష అడ్డురాలేదు, తినే చేతికే వచ్చింది.

నా రెండో కూతురు జ్వరంతో పోయినప్పుడు మా ఇంటికి మొదట వచ్చింది ఆమే. మూడు రోజులు మా పెరట్లో పొయ్యి దగ్గర నిలబడి, పరామర్శకి వచ్చిన జనమందరికీ సంకటి కెలికింది. మా ఆవిణ్ణి పక్కన పడుకోబెట్టుకుంది. ఆ తర్వాత వచ్చిన ఆదివారం బల్ల ఆరాధన. ప్రసంగం అయ్యాక తలుపు తెరిచారు. ఆమె లేచి బయటికి వెళ్ళింది. నేను తల ఊపాను, గడియ పడింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మరో ఎనిమిదేళ్ళు తల ఊపుతూనే వచ్చాను. పాస్టర్లు గట్టివాళ్ళని ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తుంది.

మాకు వానలు నవంబరులో మొదలవుతాయి. పోయిన వానాకాలం మొదట్లో ఆమెకి కడుపు ఉబ్బింది. ఆసుపత్రివాళ్ళు చూసి, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనది పెట్టమన్నారు. డిసెంబరు రెండో ఆదివారం బల్ల ఆరాధన. దాని తర్వాతది మార్చిలో. మార్చి ఆమె చూడదని అందరికీ తెలుసు. ఒక్కసారి, చచ్చేలోగా ఒక్కసారి, ఆమె చేతిలో ఆ రొట్టె పెట్టాలని నాకు పట్టుకుంది. పెద్దల సభలో అడిగాను. కలివో చాలా మెత్తగా మాట్లాడాడు. ఒక్క ముక్క, తప్పయిందని అంటే చాలునట, ఆ క్షణమే తలగుడ్డ కూడా తిరిగి ఇచ్చేస్తారట.

నేను ఆమె గుడిసెకి వెళ్ళాను. చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంది. మనవరాలు గుమ్మడాకు పులుసు పెట్టి ఇస్తే ముట్టుకోలేదు.

"పెద్దమ్మా, తప్పయిందని ఒక్క మాట అను. మిగతాది నేను చూసుకుంటాను."

"ఏది తప్పయ్యగారూ? నా సారా తాగి ఎవరింట్లోనన్నా పెళ్ళాన్ని కొడితే, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. అది దేవుడితో రోజూ చెప్పుకుంటూనే ఉన్నా. కానీ పిల్లల్ని బతికించినందుకు తప్పయిందని కలివో ముందు అనను. పోయేముందు నాచేత అబద్ధమాడిస్తారా, పాస్టరై ఉండి?"

ఆ పులుసు నేనే తాగి వచ్చేశాను.

ఆదివారం మనవరాలు ఆమెని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తోసుకుంటూ వచ్చింది. ప్రసంగం అయింది, తలుపు తెరిచారు. ఎనెలెసి లేచింది. బెంచీల చివర్లు ఒక్కొక్కటే పట్టుకుంటూ నడిచింది. పాట రెండుసార్లు అయిపోయినా ఆమె ఇంకా తలుపుదాకా చేరలేదు. మూడోసారి ఎవరూ ఎత్తుకోలేదు. నేల మీద ఆమె పాదాలు ఈడ్చుకుపోయే చప్పుడు ఒక్కటే. ఆమె దాటాక కలివో గడియ మీద చెయ్యేశాడు.

వద్దన్నాను. ఎందుకన్నాడు.

"శిక్ష కింద ఉన్నవాళ్ళు బల్ల దగ్గరికి రాకూడదని రాసి ఉంది. బల్ల వాళ్ళ దగ్గరికి వెళ్ళకూడదని ఎక్కడా లేదు. ఉంటే చూపించండి."

పెద్దల సభ కార్యదర్శి నిజంగానే నియమాల పుస్తకం తెరిచి వెతకడం మొదలుపెట్టాడు. ఆ సందులో నేను రొట్టె, గిన్నెలు, గుడ్డ మా ఆవిడ చేతికిచ్చి, బల్ల ఒక కొస పట్టుకుని లాగాను. అది మా తాతల నాడు మ్బావా అనే గట్టి, బరువైన చెక్కతో గుడి లోపలే చేసిన బల్ల. పుట్టాక గుమ్మం దాటి ఎరగదు. నేలంతా గీరుకుంటూ వచ్చి తలుపులో ఇరుక్కుంది. నేను బయట, సంఘం లోపల, మధ్యలో బల్ల. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. చెమటలు పట్టాయి.

కలివో లోపల్నించి తొంగి చూశాడు. "దేవుడికే ఇష్టం లేదయ్యగారూ, చూశారా?"

"దేవుడికి కాదు, వడ్రంగికి ఇష్టం లేదు," అన్నాను.

అప్పుడు మహిళల సమాజంలోంచి ఫలేసి లేచింది. తెల్ల తలగుడ్డ, ముందు వరస, సమాజపు కోశాధికారి.

"నేనూ కాస్తాను. ఆ రోజు అయ్యగారు అడిగితే లేవలేదు. ఇప్పుడు లేస్తున్నా," అంది. కలివో వైపు తిరిగి, "చక్కెర నీ కొట్లోదే తాతా," అని కూడా అంది.

ఆమె వెనక ఇంకొకతె, ఆ వెనక మరో ఐదుగురు. మిగతా వాళ్ళు లేవలేదు, ఆ మాట కూడా చెప్పాలి. ఈ ఏడుగురూ వచ్చి బల్లని పక్కకి వాల్చి, ముందు కాళ్ళు తిప్పి, తర్వాత ఒళ్ళు తోశారు. గోల పెడుతూ అది బయటికొచ్చింది. వాళ్ళే మోసుకెళ్ళి మామిడిచెట్టు కింద దించారు.

ఎనెలెసి వేరు మీద కూర్చుని ఇదంతా చూస్తూ ఉంది. బల్ల మీద కొత్త గీతని వేలితో తడిమింది.

"ఎందుకిలా గీరేశారు? రోజూ తుడిచేదాన్ని నేను కదా," అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. "అయ్యగారూ, నేను పశ్చాత్తాపపడలేదు. తెలుసుగా?"

"తెలుసు."

"తెలిసే ఇస్తున్నారా?"

"తెలిసే ఇస్తున్నాను, పెద్దమ్మా. ఆ రోజు నిన్ను లేపి నిలబెట్టింది నేను. తప్పయింది నాది."

ఆమె రెండు అరచేతులూ కలిపి చాచింది. రొట్టె పెట్టాను. చాలాసేపు నమిలింది, మింగింది. పదో రోజున పోయింది. ఊరంతా మొక్కజొన్న కలుపు తీత మానుకుని వచ్చింది.

పట్నంలో పైసభ నన్ను పిలిచింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, టీ కూడా ఇచ్చారు. తప్పయిందని ఒక్క మాట అంటే సంఘాన్ని నాకే ఉంచుతామన్నారు. ఆ మాట ఒకసారి చెప్పేశాను, చెప్పాల్సిన మనిషికే చెప్పాను అన్నాను. నా తెల్ల కాలరు తీసుకున్నారు, బల్లకి దూరం పెట్టారు.

ఇప్పుడు కొత్త పాస్టరు వచ్చాడు. కుర్రాడు, గొంతు బాగుంటుంది. నేను మా ఆవిడ చేలో కందులూ వేరుశనగా వేసుకుంటున్నాను. బల్ల మళ్ళీ లోపలికి వెళ్ళింది. దాని మీద గీత, గుమ్మం మీద గీత అలాగే ఉన్నాయి. రంగు వేయిస్తానని కలివో రెండుసార్లు డబ్బా తెచ్చాడు. రెండుసార్లూ ఆడవాళ్ళు బ్రష్షు దాచేశారు.

బల్ల ఆదివారం ప్రసంగం అయ్యాక పక్క తలుపు తెరుచుకుంటుంది. నేను లేస్తాను. తల వంచను. నా వెనక ఫలేసి లేస్తుంది, తక్కిన ఆరుగురూ లేస్తారు. చెట్టు కింద ఎనెలెసి కూర్చున్న వేరు నున్నగా అరిగి ఉంది, దాని మీద మేమెవరం కూర్చోం. కొత్త పాస్టరు గడియ పెట్టమని తల ఊపేటప్పుడు ఒకసారి మా వైపు చూస్తాడు. ఆ చూపు నాకు తెలుసు.

ఈ జనవరిలో పెద్దల సభ నన్ను పిలిచింది. కార్యదర్శి పుస్తకం తెరిచి, నా మొహం చూడకుండా, పశ్చాత్తాపపడ్డారా అని అడిగాడు.

"లేదండి," అన్నాను. "ఈసారి బల్ల కాళ్ళు ముందే తిప్పి మోస్తాం."