చెయ్యి తిరగదన్నారని చెప్పాను

“సేతికి మోర్సు రాకుండా లైసెన్సేటే? ఇచ్చినోడికి బుద్ధి నేదు, పుచ్చుకున్నదానికి సిగ్గు నేదు.”

“పరీక్ష రాసి పాసయ్యాను తాతా. సిన్న లైసెన్సుకి మోర్సు అక్కర్నేదని సర్కారే అంటన్నాది. నువ్వు సర్కారు కంటే పెద్దోడివేటి?”

“తుఫాన్లో మాట తెగిపోతాది. టకటకే ఇనబడతాది. అప్పుడేటి సేస్తావు?”

“నీ టకటక నేర్చుకునేలోగా తుఫాను ఒడిసా ఎళ్లిపోతాది.”

“ఆ ఎర్రన్న కూడా ఇలాగే కూసినాడు. నీదీ ఆడి నోరే!”

ఒకరు నా భర్త, ఒకరు మా కూతురి కూతురు స్వాతి. రాజాంలో ఇంజనీరింగు చదువుతూ హామ్ రేడియో పరీక్ష పాసై, ఆ సంగతి చెప్పడానికి పరుగున వచ్చింది. నేను అరుగు మీద మినుములు చెరుగుతున్నాను. ఎర్రన్న పేరు వినగానే నా చేట ఆగిపోయింది.

ఆ పేరు ఇన్నేళ్లూ మోశాను. మా ఇంట్లో ఆ పేరును తిట్టడానికే ఎత్తుతారు. తిట్టాల్సింది నన్ను. ఆ మాట మీకు చెబుతున్నాను. నాది మూడో తరగతి చదువు, కూడబలుక్కుని రాస్తున్నాను. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. నా తప్పును మాత్రం చిన్నది చెయ్యకండి.

ఆ రోజుల్లో మా ఆయన తపాలా ఆఫీసులో టెలిగ్రాములు పంపే గుమస్తా. ఇంట్లో లైసెన్సున్న హామ్ రేడియో సెట్టు పెట్టుకుని ఎక్కడెక్కడి వాళ్లతోనో టకటకలతో మాట్లాడేవారు. ఆ టకటకల భాషనే మోర్సు అంటారు. ఎర్రన్న సముద్రం ఒడ్డు ఊరివాడు. చేపల వేటకు పోకుండా రాజాంలో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడు. ఏ సెట్టు విప్పినా మళ్లీ పలికించేవాడు. అతనికీ ఆ లైసెన్సు కావాలి. అప్పట్లో దూరం మాట్లాడాలంటే మోర్సు పరీక్ష పాసు కావలసిందే. అది నేర్చుకోవడానికి సాయంత్రాలు మా ఇంటికి సైకిలు మీద వచ్చేవాడు.

ఇద్దరూ బల్లకి అటూ ఇటూ కూర్చునేవారు. నేను టీ ఇచ్చేదాన్ని. ఎర్రన్న లేచి వెళ్లేముందు ఇద్దరూ వేళ్లతో బల్ల మీద ఒకటే వరస కొట్టేవారు. టా టా ట ట ట, ట ట ట టా టా. కొట్టి, నా వైపు చూసి నవ్వేవారు.

నా గురించే అనుకున్నాను. టీ పలచనని. నాకు చదువు లేదని. ఇంకేముంటుంది నా ఎదురుగా, నాకు తెలియని భాషలో అనుకుని నవ్వుకోవడానికి? ఆ మాట ఏమిటని ఒక్కసారి అడిగి ఉండవచ్చు కదా. అడగలేదు. అడిగితే రాదని ఒప్పుకున్నట్టవుతుంది. పాలు దండగ, పంచదార దండగ, కరెంటు దండగ అని నాకు నేను చెప్పుకున్నాను. దండగ కాదు నన్ను కాల్చింది. నాతో రోజుకి నాలుగు మాటలు మాట్లాడని మనిషి, అతను వస్తే ముఖమంతా వెలిగించుకుని కూర్చునేవారు.

పరీక్ష దగ్గర పడింది. ఆ రోజు మా ఆయన శ్రీకూర్మం వెళ్లారు. ఎర్రన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మాస్టారు నేరా అక్కా?”

“నేరు. నీతో ఓ మాట సెప్పమన్నారు.”

“ఏటది?”

“నీకు సెయ్యి తిరగదంట. నీ మొకం మీద సెప్పడానికి ఆయనకి నోరు రాలేదంట. పరీక్షకెళ్లి ఆయన పరువు తియ్యొద్దన్నారు.”

“మాస్టారే అన్నారా?”

“మరి నాకేటి తెలుస్తాది, టకటకల సంగతి?”

ఎర్రన్న కాసేపు బల్ల వైపు చూశాడు. “సరే అక్కా” అని సైకిలు తిప్పుకున్నాడు. పరీక్షకి వెళ్లలేదు. తరువాత రాజాం బజారులో అన్నాడట, ఆ మోర్సు పరీక్ష సదువుకున్నోళ్లు మనలాంటోళ్లని బైట నిలబెట్టడానికే పెట్టుకున్నారని. ఆ మాట మా ఆయన చెవిన పడింది. నేర్పినవాడిని బజారులో పెట్టాడని ఆయన, లోపల ఒకటి పెట్టుకుని పైకి నవ్వారని అతను, ఒకరి ముఖం ఒకరు చూడడం మానేశారు. మోర్సు ఉండాలా వద్దా అనే తగువు పెట్టుకుని విడిపోయారని ఊరంతా అనుకుంది. నేను ఆ తగువు చాటున దాక్కున్నాను. ఆ సాయంత్రాలు ఇక నాకే అనుకున్నాను. ఆయన సెట్టు వైపు తిరిగి, నాకు వీపు పెట్టి కూర్చున్నారు.

ఎర్రన్నకి నిజంగానే చెయ్యి తిరగదేమో. పరీక్ష తప్పేవాడేమో. ఎన్నోసార్లు అలా సర్దుకోబోయాను. కుదరలేదు. తప్పడమైనా తనంతట తాను తప్పాలి కదా. నేను తప్పించాను.

నిన్న తగువులాడీ ఆడీ అలిసిపోయి స్వాతి లేచింది. తాతని నవ్వించడానికి కాబోలు, బల్ల మీద వేళ్లతో కొట్టింది. టా టా ట ట ట, ట ట ట టా టా.

“ఏటే అది?” అన్నాను.

“ఎల్లొస్తాను, నువ్వు బాగుండాలి అని అమ్మమ్మా. రేడియోలో ఆఖరికి అందరూ ఇదే కొడతారు.”

మా ఆయన కోపం దిగిపోయింది. “ఈమాత్రం వొచ్చేటే నీకు? ఎర్రన్న ఎప్పుడూ సివర ఒకటి ఎక్కువ కొట్టీసీవోడు. ‘అదిగో, అక్క టీకోసం ఎగస్ట్రా’ అనీవోడు. నవ్వలేక సచ్చీవోళ్లం.”

నేను చేట కింద పెట్టాను. అక్కడే, ఇద్దరి ముందూ, జరిగింది చెప్పేశాను. స్వాతి “అమ్మమ్మా!” అంది, అంతే. ఆయనకి అన్నం వడ్డిస్తే తినలేదు.

తెల్లవారి ఆయన చొక్కా వేసుకుని రాజాం బస్సెక్కారు. పిలవకపోయినా నేనూ ఎక్కాను. ఆయన ముందు సీటులో కూర్చున్నారు, నేను వెనక. కొట్టులో ఎర్రన్న మిక్సీ విప్పి పెట్టుకుని ఉన్నాడు. తల పూర్తిగా నెరిసింది. నేను దగ్గరకి వెళ్లి మెల్లగా చెప్పబోయాను.

“గట్టిగా సెప్పక్కా, సెవులు పోనాయి” అన్నాడు.

గట్టిగా చెప్పాను. పక్క టీ కొట్టువాళ్లు ఇటు తిరిగి చూశారు. మొదట్నించీ చివరిదాకా, మా ఆయన అనలేదని, నేనే కల్పించానని, బజారంతా వినేలా చెప్పాను. ఎర్రన్న విన్నాడు. నన్ను కూర్చోమనలేదు. మా ఆయనకి స్టూలు జరిపి, మళ్లీ మిక్సీ పట్టుకున్నాడు. ఆయన కూర్చున్నారు. నేను తిరుగు బస్సుకి ఒక్కదాన్నే వచ్చేశాను.