నరసమ్మ గారు ముందే అనేసిన మాట

మొన్న మా అబ్బాయి షుగరు చూసుకునే మిషను ఒకటి కొనిచ్చాడు. స్పిరిట్ దూదితో ఉంగరం వేలు తుడుచుకుని, కళ్ళు మూసుకుని సూది గుచ్చుకున్నాను. మన్యంలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎంతోమంది వేళ్ళు గుచ్చి, "ఏమీ నొప్పి ఉండదు" అని ధీమాగా చెప్పిన నోరు నాది. తీరా చూస్తే నొప్పి బాగానే ఉంది. గదంతా స్పిరిట్ వాసన, వేలి చివర నిలిచిన ఎర్రటి బొట్టు. మిషను ఏం అంకె చూపించిందో కూడా చూసుకోకుండా అలాగే కూర్చుండిపోయాను. ఆ బొట్టు చూడగానే నాకు నరసమ్మ గారు గుర్తుకొచ్చారు.

ఆమె పూర్తి పేరు అప్పలనరసమ్మ. తొంభైల్లో అరకు కొండల్లోని ఒక చిన్న ఆసుపత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరేనాటికి ఆమె అక్కడ లేడీ హెల్త్ విజిటర్. డాక్టరు గారికి వారంలో సగం రోజులు మీటింగులూ క్యాంపులూ ఉండేవి కాబట్టి, ఆసుపత్రి అంటే ఆవిడే. గజపతినగరం దగ్గర పల్లెలో పుట్టిన మనిషి. భర్తనూ పిల్లలనూ విజయనగరంలో ఉంచి, కొండ మీద క్వార్టర్సులో ఒక్కతే ఉండేవారు. పొట్టిగా, బొంగురు గొంతుతో, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మగవాళ్ళ చెప్పులు వేసుకుని తిరిగేవారు. దయగల మనిషి గురించి రాస్తున్నాను కదా అని మెత్తటి మనిషిని ఊహించుకునేరు. అలాంటిదేమీ లేదు. ఆమె అందరినీ తిట్టేవారు, డాక్టరు గారితో సహా. నేను చేరిన మొదటి రోజున నా పెట్టె తెరిపించి చూసి, "ఏటి బాబూ, పెట్టి నిండా ఇస్త్రీ బట్టలేనా? గొడుగు తేనేదేటి? ఇక్కడి వాన నీ ఇస్త్రీ సూసి ఆగిపోద్దనుకున్నావా?" అన్నారు. నాకు ఆమె మీద మొదట కలిగింది గౌరవం కాదు, ఒళ్ళుమంట.

మా పనిలో ముప్పాతిక మలేరియాయే. వానలు మొదలయ్యాక మలేరియా వర్కర్లు కొండ ఊళ్ళకు నడిచి వెళ్ళి, జ్వరం ఉన్నవాళ్ళ వేలు గుచ్చి, ఒక్కొక్కరి రక్తం బొట్టు ఒక్కో గాజు స్లైడ్ మీద రాసి తెచ్చేవారు. నేను వాటికి రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూసి, క్రిమి ఉందో లేదో చెప్పాలి. ఉన్నవాళ్ళకు పూర్తి మందు వెళుతుంది. అంటే ఎక్కడో కొండ కొమ్మున పడకలో ఉన్న మనిషికీ మా మందుల బీరువాకీ మధ్య ఉన్న దారి ఆ వర్కరు ఒక్కడే. అతను నడవకపోతే దారి లేనట్టే. గెడ్డకు, అంటే కొండవాగుకు అవతల, అన్నిటికంటే ఎత్తున ఉన్న ఊరికి వెళ్ళేవాడు బొంజుబాబు. ఆ చుట్టుపక్కల మనిషే, మా అందరిలోకీ నవ్వుముఖం. ఆ ఊరి పేరు రాయను, పైఊరు అనుకుందాం.

ఒక వానాకాలం ఉదయం బొంజుబాబు పైఊరి స్లైడ్ల పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టి, వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. మొదటి స్లైడ్‌లో క్రిమి కనిపించింది. రెండోదానిలోనూ, మూడోదానిలోనూ కనిపించింది. ఎంత చెడ్డ కాలంలోనైనా కొన్ని స్లైడ్లు శుభ్రంగా వస్తాయి. ఆ పెట్టెలో ఒక్కటీ రాలేదు. చంటిపిల్ల పేరు ఉన్నదానిలోనూ, పండుముసలి పేరు ఉన్నదానిలోనూ అవే క్రిములు, అంతే దట్టంగా. ఊరు ఊరంతా మంచాన పడిందనుకున్నాను. డాక్టరు గారు ఊళ్ళో లేరు. పరుగెత్తుకెళ్ళి నరసమ్మ గారితో చెప్పాను.

"అన్నిట్లోనూనా? ఒక్కడు కూడా మిగల్నేదా?" అన్నారామె.

"ఒక్కరూ లేరమ్మా."

ఆమె మైక్రోస్కోప్ వైపు రాలేదు. కిటికీలోంచి వరండా వైపు చూశారు. వాన తెరిపిచ్చి బయట ఎండ చుర్రుమంటోంది. ఆ ఎండలో బొంజుబాబు తుండుగుడ్డ నిండా కప్పుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని గజగజ వణుకుతున్నాడు. ఆమె వెళ్ళి అతని పక్కన కూర్చుని, అతని చేతిని లాక్కుని అరచెయ్యి తిప్పారు. వెనకే వెళ్ళిన నాకూ కనిపించింది. అయిదు వేళ్ళ చివర్లూ సూది పోట్లతో నల్లగా కమిలిపోయి ఉన్నాయి. రెండో చెయ్యీ అంతే.

"ఇయన్నీ నీ రక్తమేనేటిరా?" అని అడిగారు.

 పళ్ళు టకటక కొట్టుకుంటుంటే, అతను తల ఎత్తకుండానే అంతా చెప్పాడు. సంత దగ్గర రేకుల షెడ్డులో కొత్తగా వీడియో పెట్టి సినిమాలు వేస్తున్నారు. "మొదటిపాలి గెడ్డ నిండిపోనాదమ్మా. దాటడానికి నేదు. వీడియోలో బొమ్మాడతంది, కూకున్నాను. రెండోపాలి గెడ్డలో నీరు తీసీసినాది. అయినా కూకున్నాను. అదే అలవాటైపోనాది." షెడ్డు వెనక బల్ల మీద కూర్చుని, తన వేళ్ళే గుచ్చుకుని, ఊరివాళ్ళ పేర్లతో స్లైడ్లు రాసేశాడు. అతనికి జ్వరం లేనన్నాళ్ళూ అవన్నీ శుభ్రంగానే వచ్చాయి, పైఊళ్ళో మలేరియా లేదని నేనూ సంతోషించాను. చివరికి అతనికే మలేరియా తగులుకుంది. ఎవరూ పట్టుకోలేని దొంగను అతని రక్తమే పట్టిచ్చింది.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అప్పటికప్పుడు కాగితం తీసి, డాక్టరు గారు వచ్చేలోపు రిపోర్టు రాసేయాలని కూర్చున్నాను. నరసమ్మ గారు తన క్వార్టర్సు నుంచి గిన్నెతో చోడిజావ, అదే రాగిజావ తెచ్చి, అతని చేత బలవంతాన తాగించి, మాత్రలు వేసి, వార్డులో మంచం మీద పడుకోబెట్టి, కిటికీ మూసి, అప్పుడు నా దగ్గరకు వచ్చారు.

"ఏటి సేత్తన్నావు?"

"రిపోర్టు రాస్తున్నానమ్మా. వీడు చేసింది చిన్న తప్పా?"

"పెద్ద తప్పే. రాయొద్దని నాననడం నేదు. ఆడి జొరం తగ్గినాక, ఆడి ముందర కూకుని రాయి. ముందు లెగు. పైఊరు ఎవులెల్తారు, నీ కాయితం ఎల్తాదేటి? బేగి లెగు."

కాగితం మడిచి లేచాను. నిజం చెప్పాలంటే, అంతసేపూ నేను బొంజుబాబు గురించే ఆలోచించాను గానీ, పైఊళ్ళో నిజంగా ఎవరికైనా జ్వరం ఉందేమో అన్న ఆలోచన నాకు రానేలేదు. మందుల సంచీ నా భుజానికి తగిలించి ఆమె ముందు నడిచారు. గెడ్డ నడుం లోతున పారుతోంది. ఆమె నా చెయ్యి పట్టుకుని దాటించారు. దారి పొడవునా బొంజుబాబును, వీడియో షెడ్డువాడిని, ఆ షెడ్డుకు కరెంటు ఇచ్చినవాడిని తిడుతూనే ఉన్నారు.

పైఊళ్ళో జ్వరాలు ఉన్నాయి. మరీ ఊరంతా కాదు. ఊరి చివర ఇంట్లో మాత్రం ఎనిమిదేళ్ళ పిల్ల చాప మీద పడి ఉంది. పిలిస్తే పలకడం లేదు, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. పక్కన అవ్వ కూర్చుని ఆకులతో విసురుతోంది. నరసమ్మ గారు పిల్ల కనురెప్పలు లాగి చూసి, "డోలీ కట్టండ్రా" అని కేకేశారు. కుర్రాళ్ళు కర్ర తెచ్చి దుప్పటి కడుతుంటే, అవ్వ అడిగింది: "బొంజుబాబు రానేదేటమ్మా? సాన్నాళ్ళయినాది."

నేను నోరు తెరిచాను. నరసమ్మ గారు నా కాలు గట్టిగా తొక్కారు.

"ఆడికి జొరమే అవ్వా. మంచాన పడున్నాడు. అందుకని మేమొచ్చాం" అన్నారు.

అందులో అబద్ధం లేదు. కాని నిజమూ పూర్తిగా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అవ్వ ఇంటి వెనక్కి వెళ్ళి, కాళ్ళు కట్టిన కోడిపెట్టను తెచ్చి నా చేతిలో పెట్టింది. "మా కోసం వానలో తిరిగి తిరిగి జొరం తెచ్చుకున్నాడు. ఆడికి ఒండి పెట్టండి" అంది. ఆ ఇంట్లో కనిపించిన కోడి అదొక్కటే. ముందు డోలీ, దాని వెనక అవ్వ, ఆ వెనక నరసమ్మ గారు, చివర్న చంకలో కోడిపెట్టతో నేను. ఎవడి ఉద్యోగం ఊడగొట్టాలని ఉదయమంతా తహతహలాడానో, వాడి కోసం కోడిని మోసుకుంటూ కొండ దిగాను. అది దారంతా నా చొక్కా పాడుచేసింది.

సాయంత్రానికి డాక్టరు గారు వచ్చి పిల్లకు సెలైను పెట్టి మందు ఎక్కించారు. వార్డులో ఉన్నవే కొద్ది మంచాలు. పిల్లను పడుకోబెట్టింది బొంజుబాబు పక్క మంచం మీదే. అలా జరిగిందో, నరసమ్మ గారే కావాలని చేశారో నేను అడగలేదు. మర్నాడు పొద్దున్న పిల్ల కళ్ళు తిప్పి అవ్వను గుర్తుపట్టి నీళ్ళు అడిగింది. బొంజుబాబు రాత్రంతా నిద్రపోలేదని నర్సు చెప్పింది. అప్పుడే నరసమ్మ గారు కోడికూర గిన్నె తెచ్చి, "అవ్వ నీకు పంపింది, తిను" అని అతని ముందు పెట్టారు. అతను గిన్నె వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. మంచం దిగి, అవ్వ ముందు నేల మీద కూలబడ్డాడు.

"అవ్వా, నాను మీ ఊరు రానేదు. సానాపాలి రానేదు. నా రక్తమే రాసీసి ఇచ్చీసినాను. వీడియో సూసుకుంటా కూకున్నాను" అన్నాడు. అని భోరున ఏడ్చాడు.

అవ్వ పిల్ల వైపు తిరిగింది. పిల్ల నుదురు నిమురుతూ ఉండిపోయింది. ఆమె చెయ్యెత్తి కొడుతుందనుకున్నాను. కొట్టినా తప్పులేదనుకున్నాను.

"ఇకనించి ఒత్తావా మరి?" అని అడిగింది చివరికి.

"ఒత్తానవ్వా."

"అయితే ఆ కూర తిను. బలం నేకపోతే కొండెక్కనేవు."

 కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడ్డాను. నరసమ్మ గారు మాత్రం ఏమీ జరగనట్టు, "సల్లారిపోతంది, తినరా" అని కసిరారు.

ఆమె ఆదివారం విజయనగరం ఇంటికి వెళ్ళి, సోమవారం తిరిగి రాగానే నా చేతికి కాగితం ఇచ్చారు. బొంజుబాబు ఇంకా మంచం మీదే ఉన్నాడు. అతని ఎదుటే కూర్చుని, ఉన్నది ఉన్నట్టు రాయించారు. కింద తన మాటగా, ఈ మనిషిని తిరిగి పనిలో పెడితే పూచీ నాది అని రాసి సంతకం చేశారు. పై ఆఫీసు అతన్ని ఆ వానాకాలం ముగిసేదాకా పక్కన పెట్టింది. ఆ రోజుల్లో కూడా, జీతం లేకపోయినా, నరసమ్మ గారి సంచీ మోస్తూ అతను పైఊరికి వెళ్ళాడు. తిరిగి తీసుకున్నాక ఇక ఎవరూ అతనికి చెప్పాల్సిన అవసరం రాలేదు. గెడ్డ పొంగినప్పుడు చుట్టుదారిలో పోయి, చీకటి పడితే ఆ ఊళ్ళోనే ఎవరి అరుగు మీదో పడుకుని, పొద్దున్నే స్లైడ్లతో దిగేవాడు. వీడియో షెడ్డు కొన్నాళ్ళకు మూతపడింది. అది మూతపడిన సంగతి అతనికి నేను చెబితేనే తెలిసింది.

చాలా ఏళ్ళ తర్వాత, రెండువేలు దాటాక, నరసమ్మ గారు రిటైరై, విజయనగరంలో పోయారు. కబురు ఆలస్యంగా అంది, పెద్దకర్మ నాటికి నేనూ బొంజుబాబూ బస్సెక్కాం. ఘాటీ రోడ్డు దిగుతున్నంతసేపూ అతను ఒకటే మాట. "ఆళ్ళ పిల్లలకి నా సంగతి సెప్పేయాలి బాబూ. ఆ తల్లి నన్నెలా కాపాడిందో ఆళ్ళకి తెలవాలి." నేను సరేనన్నాను. మా ఆవిడకే నేను ఆ కథ ఎన్నోసార్లు చెప్పాను. ఇక నరసమ్మ గారి పిల్లలకు తెలిసే ఉంటుందనుకున్నాను.

ఆమె పెద్దకొడుకు, బ్యాంకులో పని చేస్తాడు, గుమ్మంలో మమ్మల్ని ఆపి ఎవరని అడిగాడు. బొంజుబాబు చేతులు కట్టుకుని, "నా పేరు బొంజుబాబు బాబూ. నాను ఒక తప్పు..." అని మొదలుపెట్టాడు.

"బొంజుబాబంటే మీరేనా!" అని ఆ అబ్బాయి అతని రెండు చేతులూ పట్టేసుకున్నాడు. "మీ పేరుతో నేను తిన్నన్ని తిట్లు ఇంకెవరూ తిని ఉండరు. వాన పడుతోందని కాలేజీ ఎగ్గొడితే చాలు, మా కొండ మీద బొంజుబాబని ఒకడున్నాడు, గెడ్డ పొంగినా ఆగడు, నీకేటొచ్చింది రోగం అనేది అమ్మ."

ఎప్పటి సంగతి అని అడిగాను. ఇంటర్‌లో చేరిన కొత్తలోనట. వాళ్ళమ్మ ఒక ఆదివారం ఇంటికొచ్చి, ఎవరో చిన్నపిల్లను డోలీలో దించామని చెబుతూ, మొదటిసారి ఆ పేరు ఎత్తిందట.

ఆ ఆదివారం నాకు తెలుసు. అప్పటికి బొంజుబాబు ఇంకా ఆసుపత్రి మంచం దిగలేదు. వస్తానని అవ్వకు మాట ఇచ్చాడు గానీ, ఒక్కసారి కూడా గెడ్డ దాటలేదు. అతను గెడ్డకు ఆగని మనిషని అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు, అతనికి కూడా. ఆమె ఇంటికి వెళ్ళి పిల్లలతో ఆ మాట అనేశారు. ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికినా, ముందు జరిగింది మాత్రం వాళ్ళకు చెప్పలేదు.

బొంజుబాబు నా వైపు చూశాడు. మొదలుపెట్టిన మాట అతని నోట్లోనే ఉండిపోయింది. "ఔను బాబూ, నానే" అన్నాడు నెమ్మదిగా, నేల చూస్తూ.

నాకు ఇప్పటికీ ఎవరి తప్పయినా కనబడితే ముందు కోపమే వస్తుంది. ఆ గుణం ఇక పోదు. ఇంటికొచ్చి ఆ మనిషి గురించి మా ఆవిడతో చెప్పబోయేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, అతను ఇంకా చేయని మంచి పని ఏదైనా, చేసేసినట్టుగా చెప్పగలనా అని చూస్తాను. కొన్నిసార్లు ఆ మాట నోటికొస్తుంది. కొన్నిసార్లు రాదు.