కుట్టు విప్పని కార్డులు

మా ఇంటి కింద ఒక చిల్లర కొట్టు ఉంది. పొద్దున్నే కొట్టతను ఎండుమిర్చి బస్తా మూతి కుడుతుంటే దబ్బనం గోనెలోకి దిగే చప్పుడు, వెనకే పురికొస సర్రున లాగే చప్పుడు పై అంతస్తు దాకా వినిపిస్తాయి. కిటికీలోంచి ఘాటు వచ్చి ఇంట్లో అందరూ తుమ్ముతారు. నేను మాత్రం చేస్తున్న పని ఆపేసి కూర్చుండిపోతాను. నాకు దేవసహాయం మాస్టారు గుర్తొస్తారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు, ఆయన పేరు విని కూడా ఉండరు. వినకపోవడానికి కారణం నేనే. ఈ మాట చివరిదాకా దాచిపెట్టి చెప్పే ఓపిక నాకు లేదు.

ఎనభైల మొదట్లో ఆయన గుంటూరులో నేను చదివిన కాలేజీలో లెక్కలు చెప్పేవారు. కనిగిరి పక్క మెట్ట పల్లె ఆయనది. వాళ్ళమ్మ ఏటా ముఠాతో కలిసి మిరపకాయ కోతలకు ఇటువైపు వలస వచ్చేది. ఆయన చిన్నతనం చేల గట్ల మీదే గడిచింది. మా కాలేజీలో ఆ ఏడే కంప్యూటర్ అనే పాఠం కొత్తగా పెట్టారు. కాలేజీలో కంప్యూటర్ లేదు. గుంటూరు మొత్తంలో అలాంటిది ఎవరూ చూడలేదు. గది నిండా పట్టే ఆ పెద్ద యంత్రాల గురించి ఆయన దగ్గర ఉన్నది అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒక్కటే. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని తోటి మాస్టర్లు స్టాఫ్ రూములో ఆయన్ని ఏడిపించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆయనకు కోపం రావడం నేను చూడలేదు. ఒకసారైనా చూసి ఉంటే ఈ పాటికి నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

"ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ముఠా మేస్త్రీ" అని మొదటిరోజే చెప్పారు. "మేస్త్రీ కాయ కొయ్యడు. ఎవరు ఏ సాలు పట్టాలో, ఎవరికి ఎప్పుడు మంచినీళ్ళు ఇవ్వాలో చూస్తాడు. వాడు లేకపోతే ఇరవైమందీ ఒకే సాలు మీద పడి కొట్టుకుంటారు." వర్చువల్ మెమరీ చెప్పిన రోజు మాత్రం మమ్మల్నందరినీ లేపి వరండాలోకి తోలారు. క్లాసులో నాలుగు బెంచీలే ఉంచారు. "ఈ బెంచీలు యంత్రంలో ఉన్న అసలు జాగా. వరండా డిస్కు. మీరంతా ఒక ప్రోగ్రాం ముక్కలు. నేను పిలిచినవాడు లోపలికొచ్చి కూర్చుంటేనే జవాబు చెప్పాలి. జాగా లేకపోతే ఒకణ్ణి లేపాలి. ఎవణ్ణి లేపమంటారు?"

"పొద్దుటినుంచీ కూర్చున్నోణ్ణి లేపండి సార్" అన్నాడొకడు.

"వాడితోనే మళ్ళీ పని పడితే?"

"ఎంతసేపటినుంచో నోరు మెదపనోణ్ణి లేపాలండీ" అన్నాను నేను.

"ఆఁ, దారిలో పడ్డావమ్మా కరుణా. ప్రోగ్రాంకి మాత్రం ఈ గొడవేం తెలియదు. ఊరంత బంగళా తనదేననుకుంటుంది. ఉన్నవి నాలుగు బెంచీలేనని దానికి తెలియనివ్వకుండా నడపడమే వర్చువల్ మెమరీ." తర్వాత రెండు బెంచీలు తీయించేసి, గబగబా పేర్లు పిలవడం మొదలుపెట్టారు. మేం లోపలికీ బయటికీ ఉరుకులు పరుగులు. ఒక్క ప్రశ్నకూ జవాబు రాలేదు. అందరం రొప్పుతూ నిలబడితే ఆయన సుద్దముక్క కింద పెట్టి, "చూశారా, పని ఆగిపోయింది, పరుగే మిగిలింది. జాగా మరీ తక్కువైతే యంత్రానికి వచ్చే జబ్బు ఇది. మనుషులకూ వస్తుంది" అన్నారు. మిర్చి యార్డు వెనక ఒంటిగది ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్ళం. ఆ పాఠం నాకు ఇంకొకరు విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

ఎవణ్ణి లేపాలన్న ప్రశ్నకు ఆయన దగ్గర సొంత జవాబు ఒకటి ఉంది. అది వాళ్ళమ్మ ముఠా నుంచి వచ్చింది. రైతు ముఠాలో ఒకామెను పొమ్మంటే ఆమెతో పాటు వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోతారు. ఒకామెకు కబురు పెడితే అందరూ వస్తారు. ప్రోగ్రాం ముక్కలు కూడా అంతేనని ఆయన నమ్మకం. కలిసి వచ్చేవాటిని కలిపే పంపాలి, కలిపే పిలవాలి, అప్పుడు పరుగు తగ్గుతుంది. అది నిజమో కాదో తేల్చడానికి ఒక ప్రోగ్రాం రాశారు. మూడేళ్ళు రాశారు. గుంటూరులో ఒక పొగాకు కంపెనీ ఆఫీసులో కార్డులకు బెజ్జాలు కొట్టే యంత్రం ఉంటే, గుమాస్తాను బతిమాలి, ఆదివారం గుడి ఆరాధన అయ్యాక అక్కడ కూర్చుని ఒక్కో వరుస ఒక్కో అట్టకార్డు మీద కొట్టేవారు. నేను పక్కన కూర్చుని చదివి వినిపించేదాన్ని. అలా ఆరువందల కార్డులు తయారయ్యాయి. ఏ కార్డులో ఏ బెజ్జం ఎక్కడుందో, దాన్నిబట్టే యంత్రం అక్షరాలు చదువుతుంది.

హైదరాబాదులో ఒక సంస్థ వాళ్ళు తమ యంత్రం మీద ఆయనకు ఒక్క గంట ఇస్తామని ఉత్తరం రాశారు. ఆ నెలాఖరుకు కార్డులు చదివే యంత్రాన్ని తీసేస్తున్నారని, వాయిదా వేయడం కుదరదని కూడా రాశారు. ఆ గంటలో ఫలితాలు చేతికొస్తే మాస్టారికి పీహెచ్‌డీ వస్తుంది. అది ఉంటేనే కాలేజీలో పెట్టబోయే కంప్యూటర్ శాఖ ఆయన చేతికి వస్తుంది. లేకపోతే ఎవరో బయటి మనిషి వస్తాడు. ఇదంతా ఆయన నాకు చెప్పలేదు. వాళ్ళావిడ శాంతమ్మగారు చెప్పి, "దేవుడు ఈ ఒక్క గంట ఇస్తే చాలమ్మా" అన్నారు.

ప్రయాణానికి ముందురోజు వరస సరిచూడమని మాస్టారు కార్డులు నా చేతికిచ్చారు. అంతకు నెల ముందు కాలేజీ వరండాలో కట్టకు చుట్టిన సైకిలు ట్యూబు ముక్క తెగి కార్డులన్నీ కింద పడితే, ఇద్దరం రెండురోజులు ఏరి పేర్చాం. రైల్లో ఆ తొక్కిసలాటలో మళ్ళీ అలా అయితే గంట కాస్తా ఏరుకోవడానికే సరిపోతుంది. నాకు ఆ భయమే పట్టుకుంది. మా నాన్న యార్డులో హమాలీ. బస్తాలు కుట్టడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ఓడలెక్కి సముద్రాలు దాటిన సరుక్కి కూడా ఆయన కుట్టు ఊడలేదని చెప్పుకునేవారు. సాయంత్రం కట్టలు ఆయన ముందు పెట్టి, "నాన్నా, ఇవి ఎట్టి పరిస్థితుల్లోనూ చెదరకూడదు, గట్టిగా కట్టు" అని చెప్పి ప్రార్థన కూటానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి నాన్న పని ముగించాడు. యాభయ్యేసి కార్డులు కట్టకట్టి, రాయితో కొట్టి దబ్బనం దించి, ఒక మూల పురికొసతో బిగించి కుట్టాడు. పన్నెండు కట్టలు. నన్ను చూసి మురిసిపోతూ, "బండి బోల్తాపడ్డా ఒక్క ముక్క చెదరదమ్మాయ్. మీ మాస్టారికి చెప్పు, ఎంకటేసు కుట్టాడని" అన్నాడు.  బెజ్జాలే అక్షరాలని నాకు తెలుసు. కానీ ఆ మూల వరస నంబర్లు తప్ప ఏమీ ఉండవు కదా, ఫరవాలేదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నేను నంబర్ల గురించి ఆలోచించలేదు. నా చదువులో నాన్న చెయ్యిపెట్టిన పని అదొక్కటే. ఆ ముఖం చూస్తూ తప్పు చేశావని చెప్పలేకపోయాను. కట్టలన్నీ గోనెలో చుట్టి మూట చేశాను. మర్నాడు ఆయనతో హైదరాబాదు వెళ్ళడానికి నేనూ స్టేషనుకు వచ్చాను. మాస్టారు ఆ మూట చూసి, "బాగా కట్టావమ్మా" అన్నారు. విప్పి చూడలేదు. దారంతా మూట ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు కూర్చున్నారు.

హైదరాబాదు సంస్థలో యంత్రం ఉన్నది చల్లటి గది. మాస్టారు చెప్పులు బయట విడిచి లోపలికి నడిచారు. ఇన్నేళ్ళు పాఠం చెప్పిన యంత్రాన్ని మొదటిసారి చూస్తున్నారు. దాని దగ్గరికి వెళ్ళి వేలి కొసలతో తాకారు. ఆపరేటరు మూట విప్పాడు. "ఇదేంది సార్? కార్డులు కుట్టిండ్రేంది? మిరపకాయల మూటనా ఏంది?" అని గట్టిగా అరిచాడు. గదిలో ఉన్న నలుగురూ మావైపు చూశారు. మాస్టారు కట్ట చేతిలోకి తీసుకుని కుట్టు వైపు చూశారు.  తర్వాత నావైపు కూడా తిరగకుండా, "నేనే కుట్టించానండీ, నాకు తెలియక" అన్నారు.

ఆపరేటరు మంచివాడే. దారం కోసి ఒక కట్ట పెట్టి చూశాడు. దబ్బనం దిగినచోట అట్ట పొంగి అంచు చిరిగింది. యంత్రం నాలుగు కార్డులు మింగి, అయిదోదాన్ని నలిపి ఆగిపోయింది. చేత్తో ఒత్తి సాపుచేసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆగింది. గోడ గడియారంలో ముల్లు తిరుగుతూనే ఉంది. ముప్పావుగంట అయ్యాక మాస్టారే, "ఇక చాల్లెండి, యంత్రం పాడవుతుంది" అన్నారు. మాకిచ్చిన గంటలో ఇంకా పావుగంట మిగిలింది. ఆ పావుగంట ఆయన యంత్రం ఎదురుగా కుర్చీలో ఊరికే కూర్చున్నారు.

తిరుగు రైల్లో నేను ఏడుస్తుంటే, "మీ నాన్నతో ఏమీ అనబాకమ్మా" అన్నారు. గుంటూరులో దిగాక కార్డుల మూట నా చేతికే ఇచ్చి వెళ్ళిపోయారు. తర్వాత మరో అనుమతి కోసం ఆయన రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. శాఖకు బయటినుంచి ఒకాయన వచ్చారు. మాస్టారు మళ్ళీ లెక్కలకే వెళ్ళిపోయారు. బెంచీల ఆట ఇంక ఆడించలేదు. ఒకసారి కిటికీలోంచి చూశాను. బోర్డు వైపు తిరిగి, పిల్లలు వింటున్నారో లేదో కూడా చూసుకోకుండా చెప్పుకుపోతున్నారు. కాలేజీలో ఎవరో ఆయన వెనక "దబ్బనం మాస్టారు" అని పేరు పెట్టారు. దానికీ ఆయన కోప్పడలేదు. ఇక మా నాన్న యార్డులో కనబడ్డ ప్రతివాడికీ తన కుట్టు హైదరాబాదు కంప్యూటర్లోకి వెళ్ళిందని చెప్పుకునేవాడు. నేను విని తలొంచుకుని వెళ్ళిపోయేదాన్ని.

రెండేళ్ళకు నాకు ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో వర్చువల్ మెమరీ అంటే ఏమిటని అడిగితే నాలుగు బెంచీల కథ చెప్పాను. వాళ్ళు నవ్వి, ఉద్యోగమిచ్చారు. ఆ కబురు మాస్టారికి చెప్పడానికి కనిగిరి పక్క ఆయన ఊరికి వెళ్ళాను. ఆరోగ్యం పాడై ఆయన సెలవు మీద అక్కడే ఉన్నారు. మంచం మీద సగానికి సగం అయిపోయి కనిపించారు. ఇక ఆగలేక, "మాస్టారూ, ఆ కుట్టు నేను ముందే చూశాను. చూసీ ఊరుకున్నాను" అన్నాను.

"తెలుసమ్మా" అన్నారు. "నువ్వు చూడకుండా ఎట్టా ఉంటావు? తండ్రిని చిన్నబుచ్చలేక ఊరుకున్నావు. మా అమ్మ అయినా నేనూ అంతే చేసేవాణ్ణి." మళ్ళీ మెల్లగా, "మీ బ్యాంకులో యంత్రం ఉంది గదా. కార్డులు నీ దగ్గరే ఉన్నాయి. ఎప్పుడన్నా వీలు చూసుకుని అది ఎక్కించి చూడు. ముఠా పద్ధతి సరైందో కాదో ఒక కార్డుముక్క రాసి పడెయ్. తప్పన్నా ఫరవాలేదు. తెలిస్తే చాలు" అన్నారు. తప్పకుండా రాస్తానని ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాను.

రాయలేదు. మొదట్లో పై అధికారులంటే భయం. తర్వాత పని ఒత్తిడి అనుకున్నాను. అవన్నీ సాకులే. మధ్యాహ్నం భోజనాల వేళ యంత్రం ఖాళీగా ఉండేది, నన్ను అడ్డుకునేవాళ్ళు ఎవరూ లేరు. కూర్చుని ఆ ఆరువందల వరుసలూ కొడితే వారం పని. కానీ ఆ ప్రోగ్రాం నడిచి, ఆయన చెప్పిందే సరైందని తేలితే? నాన్న మీద నా జాలి ఎంత పెద్దదాన్ని చంపేసిందో అప్పుడు నాకు లెక్క తెలిసిపోతుంది. ఆ భయంతో రేపు, ఎల్లుండి అంటూ ఏడాది గడిపాను. ఒకరోజు శాంతమ్మగారి దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. ఆయన పోయిన మూడో వారానికి రాసింది. అందులో ఒక వాక్యం ఉంది: "పోస్టుమేన్ వచ్చినప్పుడల్లా గుంటూరమ్మాయి దగ్గర్నుంచేమన్నా వచ్చిందేమో చూడమనేవారు."

నాన్న కూడా పోయి చాలాకాలమైంది. ఆయనకు చివరిదాకా నిజం తెలియదు. కార్డులు నా బీరువాలో ఉన్నాయి. ఆపరేటరు దారం కోసిన కట్ట ఒకటి, కుట్టినవి కుట్టినట్టే ఉన్న కట్టలు పదకొండు. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోను ఆ గదినిండా ఉన్న యంత్రానికంటే ఎన్నో రెట్లు పెద్దపని చేస్తుంది. ఒక ఆదివారం కూర్చుంటే తేలిపోతుంది. చాలా ఆదివారాలు బీరువా తెరిచాను. పురికొస మీద చెయ్యి వేసి, ఆయన పోయాక తెలిస్తే ఎవరికి కార్డుముక్క రాయను అనుకుని మళ్ళీ మూసేశాను. ఈరోజు పొద్దున కొట్టతను బస్తా కుడుతుంటే ఇంకోసారి తీసి చూశాను. అట్టలు పసుపెక్కాయి, అంచులు రాలుతున్నాయి. కుట్టు మాత్రం ఎక్కడా సడలలేదు.