టయోటా మనోళ్లదే అనే మా అన్న

మా అన్న వెంకట్రాజం చాలా మంచోడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మంచోడికి చెల్లెలిగా పుట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది. వరంగల్‌లో కాశిబుగ్గ దాటాక నర్సంపేట రోడ్డు మీద ఆయనదో రేకుల షెడ్డు ఉంది, ఇల్లు దాని వెనకే. ఇరవై ఏళ్లుగా అక్కడే కార్లు బాగుచేస్తున్నాడు. చేతులకు ఎప్పుడూ నల్ల నూనె, నోటికి అడ్డూ ఆపూ లేదు. పెళ్లి ముహూర్తం దాటిపోతోందని పిల్లగాడి తండ్రి బతిమాలినా, పోలీసాయన గుడ్లురిమినా, బండిలో లోపం కనబడిందంటే అది బాగయ్యేదాకా గేటు దాటనివ్వడు. బతిమాలితే మొండికేస్తాడు, తిడితే ఇంకా మొండికేస్తాడు. అందుకే ఆ రేకుల షెడ్డు ఇరవై ఏళ్లుగా రేకుల షెడ్డుగానే ఉంది.

మాది కొత్తవాడ. మా బాపు గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని జీవితమంతా జంపఖానాలు నేశాడు, చివరికి మోకాళ్లు పట్టేసి మంచాన పడ్డాడు. కొడుకును కూడా ఆ గుంటలోనే కూర్చోబెట్టాలని ఆయన ఆశ. ఈయనేమో పదో తరగతి తప్పి, చెప్పాపెట్టకుండా హైదరాబాద్ బస్సెక్కాడు. అక్కడొక పెద్ద వర్క్‌షాపులో బండ్లు కడిగాడు, పానాలు అందించాడు, తిట్లు తిన్నాడు, ఆఖరికి ఇంజిను విప్పడం నేర్చుకున్నాడు. టయోటా వాళ్ల క్వాలిస్ మన దేశానికి వచ్చిన కొత్త రోజులు అవి, అంటే రెండువేల సంవత్సరం. ఆ బండి కింద పడుకోని రోజు లేదట. ఐదేళ్లు అమ్మాక కంపెనీ క్వాలిస్‌ను ఆపేసి దాని చోట ఇన్నోవా తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే మా అన్న ఊరికి తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ నెత్తిలో ఒక పిచ్చి పెట్టుకుని వచ్చాడు.

ఆ పిచ్చి ఏమిటంటే, టయోటా కంపెనీ మన నేతోళ్లదే అని. ఎవరో ట్రైనింగ్ సారు చెప్పాడట. ఆ కంపెనీ కథ కార్లతో మొదలు కాలేదు, మగ్గాలతో మొదలైంది. నూరేళ్లకు పైమాటే, జపాన్‌లో ఒక వడ్రంగి కొడుకు ఇంట్లో తల్లి మగ్గం మీద పడే కష్టం చూడలేక కొత్త మగ్గాలు చేయడం మొదలుపెట్టాడు. చేసీ చేసీ, పోగు తెగితే తనంతట తానే ఆగిపోయే మరమగ్గం చేశాడు. లేకపోతే పోగు తెగినా మర ఆడుతూనే ఉంటుంది, గజాలకు గజాలు బట్ట పాడవుతుంది. ఆ మగ్గం హక్కులు ఇంగ్లాండు వాళ్లకు అమ్మగా వచ్చిన సొమ్ము ఆసరాతో ఆయన కొడుకు కార్ల పనికి దిగాడు. ఈ రోజుకీ వాళ్ల ఫ్యాక్టరీలో మామూలు పనివాడికి తప్పు కనబడినా తాడు లాగుతాడు, పని ఆగుతుంది. వడ్రంగి కొడుకైతే మనోడెట్ల అయితడని వాడకట్టు వాళ్లు నవ్వితే, నేసింది తల్లి కదా అని మా అన్న వాళ్లతో కొట్లాటకు దిగేవాడు.

ఇదంతా చెబితే బాపు సంతోషిస్తాడనుకున్నాడు పాపం. బాపు మంచంలోంచే లేచినంత పని చేశాడు. మరమగ్గాలను మావైపు సాంచెలు అంటారు.

"గా సాంచెలే గదరా మన కడుపు కొట్టినయి. ఆళ్లు మనోళ్లెట్ల అయితర్రా?"

 తప్పు కనబడితే ఆగాలని మిషన్‌కు నేర్పిండ్రు బాపూ, మనుషులకే అది రాదు, అన్నాడు మా అన్న. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇక లోకం సంగతి చూడండి. ములుగు రోడ్డు మీద ఏ డ్రైవర్‌నైనా ఆపి అడగండి, టయోటా అంటే ఆగదు, చావదు అంటాడు. ఐదు లక్షల కిలోమీటర్లు తిరిగినా ఇంజిను చప్పుడు మారదంటాడు. అబద్ధం కాదు. కానీ ఆ పేరు చూసుకుని జనానికి ఒళ్లు కొవ్వెక్కింది. బండికి ఏం కాదులే అని గ్రీసు పెట్టరు, బ్రేకులు చూడరు, ఏడుగురు కూర్చునే చోట పద్నాలుగు మందిని కుక్కుతారు. ఇదే మా అన్న మంట. ఆ కంపెనీ కూడా ఒకసారి ఆపాల్సిన చోట ఆలస్యం చేసిందని, పదిహేనేళ్ల కిందట లోకమంతటా లక్షల బండ్లు వెనక్కి పిలిపించిందని, కంపెనీ పెద్దాయనే నలుగురిలో తల వంచి క్షమాపణ చెప్పాడని వచ్చినవాడికల్లా చెబుతాడు. వాళ్లే తల వంచిండ్రు, నీకేమైందిరా అంటాడు. వినేవాడు తలూపి బండి తీసుకుని పోతాడు, మళ్లీ గ్రీసు పెట్టించడు.

అలా గ్రీసు పెట్టించనివాళ్లలో మొదటివాడు మా ఆయన రాజమల్లు. తొమ్మిదేళ్ల కిందట ఒక పాత క్వాలిస్ కొన్నాడు, హన్మకొండ నుంచి ములుగు దాకా మనుషులను తిప్పుతాడు. దానికి రోజూ అగరుబత్తి వెలిగిస్తాడు, శుక్రవారం నిమ్మకాయ కడతాడు. సర్వీసుకు ఇవ్వమంటే మాత్రం ఆయనకు ఎక్కడలేని పనులు గుర్తొస్తాయి. బావమరదుల లెక్కన ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు గానీ, బండి మాట వస్తే ఇద్దరి మధ్య నిప్పు రాజుకుంటుంది. ఆ నిప్పులో మాడేది నేను.

మొన్నటి మేడారం జాతరకు తొర్రూరు నుంచి కుమారస్వామి అనే పెద్దమనిషి మా బండి మాట్లాడుకున్నాడు. ముసలివాళ్లు, పిల్లలు కలిసి పన్నెండు మంది. తెల్లవారుజామున తొర్రూరులో ఎక్కించుకోవాలి. ముందురోజు పొద్దున మా ఆయన, దూర ప్రయాణం కదా అని, ఆయిలు మార్పించడానికి బండిని అన్న షెడ్డులో పెట్టి వచ్చాడు. మధ్యాహ్నం మళ్లీ పోయి, బండి లేకుండా ఆటోలో తిరిగొచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. మీ అన్న ముందు చక్రం ఊడదీసి ఇంట్లో మంచం కింద దాచిండు అన్నాడు.

సంగతేమిటంటే, ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే బాల్ జాయింట్ అని ఒకటి ఉంటుంది. ఎడమవైపుది వదులైపోయిందట. మూడు నెలల కిందటే మా ఆయన దాన్ని కొత్తది వేయించాడు. అన్న నోటికి జడిసి, ఎక్కడో ఒక దుకాణంలో సగం ధరకు కొని, ఇంకెవరి చేతనో బిగించుకున్నాడు. డబ్బా మీద ఎర్ర అక్షరాలతో టయోటా అని ఉందని ధైర్యం. అది డూప్లికేట్ అని అన్న తేల్చాడు. విరిగితే చక్రం మడతపడి బండి పల్టీ కొడుతుంది. అసలుది హైదరాబాద్ నుంచి రావాలి, మర్నాడు సాయంత్రానికి గానీ రాదు. జాతర రోజుల్లో ఇంకో బండి దొరకడం కలలో మాట. మా ఆయన చెప్పు విసిరికొట్టి, సాయంత్రంలోగా బండి రాకపోతే నీ పుట్టింటికీ మనకూ తెగినట్టే, రాఖీ లేదు, బతుకమ్మ లేదు, అన్నాడు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

నేను ఆటో ఎక్కి షెడ్డుకు పోయాను. దారి పొడుగునా ఏమేం అనాలో అన్నీ కూడబెట్టుకున్నాను, పోయి అన్నీ అనేశాను. చెల్లెలి కాపురం కంటే నీకు ఇనుప ముక్క ఎక్కువైందా అన్నాను. ఇట్లనే చేసి ఉన్న గిరాకీ పోగొట్టుకున్నావు, వదిన మెడలో పుస్తెలతాడు తప్ప ఏం మిగిలింది అన్నాను. అది అనకూడని మాట, అయినా అన్నాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు. తర్వాత బండిలో దొరికిన ఆ జాయింట్ డబ్బా తెచ్చి, గుడ్డ పెట్రోల్‌లో ముంచి టయోటా అక్షరాల మీద నాలుగుసార్లు రుద్దాడు. ఎరుపంతా గుడ్డకు అంటింది, అట్ట తెల్లగా మిగిలింది. పేరు దొంగతనం చేసి అమ్మే లంగలు, వాళ్లను ఏమన్నా పాపం లేదు. కానీ ఆ పూట నాకు వాళ్ల మీద కోపం రాలేదు, చూపించిన అన్న మీదే వచ్చింది.

"మూడు నెల్ల సంది తిరుగుతనే ఉన్నది గదన్నా. రేపొక్కరోజుకు ఇరుగుతదా?" అన్నాను.

"ఇయ్యాల ఇరుగుతదో, ఏడాదికి ఇరుగుతదో నాకు ఎర్కలేదు చెల్లె."

"ఎర్కలేనప్పుడు ఎందుకు ఆపుతానవ్?"

"ఎర్కలేదనే ఆపుతాన."

ఈ జవాబుతో నా తల పగిలిపోయింది. అరిచాను. బండి ఆగి ఏమీ కాకపోతే నువ్వు పన్నెండు మందిని కాపాడావని ఎవడూ అనడు, పిచ్చోడంటాడు, ఇరవై ఏళ్లుగా అదే అంటున్నారు, నీకు సిగ్గు లేదు, అన్నాను. రోడ్డు మీద పోయేవాళ్లు నిలబడి చూస్తున్నారు. మా అన్న ఇంట్లోకి పోయాడు. చక్రం దొర్లించుకుంటూ వచ్చి, బండి పక్కన పెట్టి, పానా చేతిలోకి తీసుకున్నాడు.

"బిగిస్త. ఐదు నిమిషాల పని. కాకపోతే రేపు తొర్రూరోళ్లతోని నువ్వు, నీ పిల్లలు రమ్య, చైతన్య గూడ ఇదే బండిల మేడారం పోయి రావాలె. ఎక్కుతవా?"

ఎక్కుతానని చెప్పడానికే నోరు తెరిచాను. ప్రతిదానికీ జవాబు ఉండే నోరు నాది. మా రమ్య ఏ బండి ఎక్కినా ముందు సీట్లో, ఎడమవైపు కిటికీ దగ్గరే కూర్చుంటుంది. ఆ చక్రం సరిగ్గా దాని కాళ్ల కింద ఉంటుంది. బిగియ్యకు అన్నాను.

నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇంట్లో బయలుదేరినప్పటి నుంచి నేను కొట్లాడుతున్నది పన్నెండు మందిని ఆ బండి ఎక్కించడానికి. అందులో పిల్లలు ఉన్నారని తెలుసు. వాళ్ల పేర్లు తెలియవు, అంతే తేడా. మా అన్న ఒక్క మాట ఎక్కువ అనలేదు, చూశావా అని కూడా అనలేదు. పానా కింద పెట్టి చక్రాన్ని మళ్లీ లోపలికి దొర్లించుకుని పోయాడు. ఒక్క మాట అన్నా బాగుండేది, తిరిగి తిట్టడానికి వీలుండేది.

అక్కడి నుంచే మా ఆయనకు ఫోన్ చేసి, రేపు బండి కదలదు, ఆపింది మా అన్న కాదు, నేను, అని చెప్పాను. ఆయన ఏదో అరిచాడు. రమ్యను, చైతన్యను అందులో ఎక్కించుకుని పోతవా అని అడిగితే అరుపు ఆగింది. తొర్రూరు వాళ్లకు నువ్వే చెప్పుకో అని పెట్టేశాడు.

కుమారస్వామికి చేశాను. అమ్మవార్ల మొక్కుకు బెల్లం తూకం వేయించి, సంచులు కట్టి, చుట్టాలంతా ఇంట్లో దిగాక ఇప్పుడా చెప్పేది అని ఆయన కోపంతో కేకలేశాడు. ఆయన తప్పేముంది.

"టయోటా బండి అంటేనే గదమ్మా మేం మాట్లాడుకున్నది. అది ఆగుడేంది?"

"పేరు టయోటాదే అన్నా. లోపల సామాను మాత్రం మూడు నెల్ల కింద మేం ఏసిన డూప్లికేట్. నా పిల్లలను నేను ఎక్కియ్యను, మీ పిల్లలను ఎట్ల ఎక్కియ్యమంటరు?"

 అటువైపు ఎవరో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"అది ఏసి మూడు నెల్లాయె అంటానవు. ఈ మూడు నెల్లు మరి ఎవలెవల పిల్లలను ఎక్కిచ్చిండ్రమ్మా అందుల?"

నేను వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.