పాపాఘ్ని వంపు మట్టి

మా గురమ్మ మొండిమనిషి. ఆ మాట ఆమె ముఖం మీదే చాలాసార్లు అన్నాను, నాకేం భయం? వేంపల్లె దగ్గర పాపాఘ్ని ఏటి ఒడ్డున ఖనిజాలు వెతికే సర్కారు బృందం డేరాలు వేసినప్పుడు నేను వాళ్లకు వంట చేసేదాన్ని. గురమ్మ ఏటిమట్టి మోసి, ఎండబెట్టి, జల్లెడ పట్టేది.

ఆఫీసరు మహానందిగారి దగ్గర ఒక యంత్రం ఉండేది. దానికి దగ్గరగా ఏం పెట్టినా, చెవులకు తగిలించుకునే డిప్పల్లో టిక్కు టిక్కుమనేది. ఏ మట్టయినా కొంచెం పలుకుతుందట. ఆ కొంచెం ఎంతో తెలిస్తేనే ఖనిజమున్న మట్టి ఏదో తేలుతుందట. అందుకని మామూలు ఒండ్రుమట్టి ఒకే చోటినుంచి తెచ్చి, డబ్బాలో బిగించి, అంగట్లో తూకపురాయిలాగా పెట్టుకోవాలన్నారు. ఏటి వంపు చూపించి, అక్కడిది తెమ్మన్నారు.

గురమ్మ తెచ్చింది. కానీ ఒక్కో గంప ఒక్కో తీరుగా పలికింది. ఆయన తల పట్టుకుని, వెళ్లి చూస్తే, వంపులో గడ్డపార పడిన జాడే లేదు. పని ఊడిందే దీనికి అనుకున్నాను. ఎందుకిలా చేశావని ఆయన గురమ్మను అడిగారు.

"ఆడ నా బిడ్డ ఉండాది సారూ. పాలు తాగే పిల్ల. గడ్డపార తగలనీయను."

మా వైపు పసిబిడ్డలను కాల్చరు, ఏటి పక్కన పూడ్చి వస్తారు. తల్లి మళ్లీ అటు పోకూడదంటారు. ఈమె మాత్రం వరద తీసిన ప్రతిసారీ దొంగచాటుగా వెళ్లి, ఒడ్డు ఎంత కోసుకుపోయిందో చూసి వచ్చేదట. ఇంకో రెండు వరదలొస్తే ఆ చోటు ఉండదట. ఇంత కడుపులో పెట్టుకుని నాతో ఒక్క ముక్క అనలేదు, మొండిది! నాకు ఏడుపొచ్చింది.

మహానందిగారు కోప్పడలేదు, వేరే చోటు చూసుకుందామన్నారు. ఆయన లేవబోతుంటే, డబ్బాలో మట్టిని తర్వాత ఏం చేస్తారని గురమ్మే అడిగింది. తడి తగలకుండా, చిటికెడు కూడా పోకుండా ఏళ్ల తరబడి దాస్తామనీ, రోజూ పని మొదలుపెట్టే ముందు దాన్నే వింటామనీ ఆయన చెప్పారు.

"ఏరు కొట్టుకపోదు గదా సారూ?"

"పోదమ్మా."

మరునాడు ఆమె గడ్డపార లేకుండా వెళ్లింది. వంపులో మోకాళ్ల మీద కూర్చుని, పైపైన ఉన్న మట్టిని చేతులతోనే గీకి గంప నింపింది. నేనూ పక్కన కూర్చుని ఎత్తాను.

మట్టి ఎండి, జల్లెడ పట్టడం అయ్యాక, డబ్బాను యంత్రం పక్కన పెట్టి, ఆయన ఆ డిప్పలు గురమ్మ చెవులకే తగిలించారు. ఆమె కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది.

"పలుకుతాండాది అక్కా," అంది.

పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వస్తున్నా నేను లేవలేదు.